క్రూజ్‌లో మాస్కు రూల్ పోయింది, మరి మనం ఏం చేయాలి? – మీ ప్రశ్నలు, జవాబులు

సముద్ర ప్రయాణాల గురించి ఉత్తరాలు రాయమన్నాక వచ్చినవాటిల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి, క్రూజ్ షిప్పుల్లో ఇప్పుడు మాస్కు అడగట్లేదు కదా, పెట్టుకోవాలా వద్దా, అక్కడ జబ్బు పడితే పరిస్థితేంటి అని. ముందు రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి ఉత్తరాల్లోకి వెళ్దాం. అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ వాళ్ళు 2020 మార్చి 14న క్రూజ్ ఓడలు కదలకూడదని ఆర్డర్ ఇచ్చారు, తర్వాత షరతులతో వదిలారు, ఆ షరతులు 2022 జనవరి 15 తర్వాత తప్పనిసరి కాకుండా పోయాయి, అదే ఏడాది జూలై 18న ఓడల కోవిడ్ ప్రోగ్రామ్ మొత్తం ఎత్తేశారు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కోవిడ్ ఎమర్జెన్సీ ముగిసిందని చెప్పింది. కాబట్టి ఇప్పుడు చాలా ఓడల్లో మాస్కు మీ ఇష్టం. అయితే కంపెనీని బట్టి, ఆగే పోర్టుని బట్టి, ఆ వారం ఓడలో జబ్బులు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి మళ్ళీ పెట్టుకోమనొచ్చు, అందుకని టికెట్ కొన్నరోజు చదివిందే పట్టుకుని కూర్చోకుండా బయల్దేరే ముందు వారం కంపెనీ నుంచి వచ్చే మెయిల్ ఇంకోసారి చదవండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 71 ఏళ్ళు, షుగరు, బీపీ ఉన్నాయి. పిల్లలు మా పెళ్ళిరోజుకి క్రూజ్ టికెట్లు కొన్నారు. మాస్కులు తీసుకెళ్ళండని వాళ్ళే చెప్తున్నారు, కానీ ఇంతకుముందు వెళ్ళొచ్చిన వాళ్ళేమో అక్కడ ఎవరూ పెట్టుకోరు, మీరిద్దరే పెట్టుకుంటే వింతగా చూస్తారు అంటున్నారు. అయినా అందరూ వదిలేశాక మేమిద్దరం పెట్టుకుంటే ఏం లాభం అని ఈయన వాదన. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు ఆ వింతగా చూడటం సంగతి వదిలేయండి. ఎవరైనా ఒక నిమిషం చూస్తారు, తర్వాత వాళ్ళ ఐస్‌క్రీమ్ వాళ్ళు తింటారు. మీ వారికి న్యుమోనియా వస్తే మాత్రం పడాల్సింది మీరిద్దరే, అదీ ఒడ్డుకి ఒకటి రెండు రోజుల దూరంలో, ఓడలో ఉన్న చిన్న మెడికల్ సెంటర్‌లో.

ఇక లాభం ఏంటంటారా. ఎదుటివాళ్ళు పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది నిజమే, కానీ మీరొక్కరే పెట్టుకున్నా మంచి మాస్కు సరిగ్గా పెట్టుకుంటే మీరు పీల్చే గాలి వరకు అది వడకడుతుంది. ఎన్95 అన్న పేరులోనే ఉంది కదా, పరీక్షలో వాడే 0.3 మైక్రాన్ల సైజు కణాల్ని కనీసం 95 శాతం ఆపాలని లెక్క. గుడ్డ మాస్కు, వదులుగా వేలాడే నీలం రంగు సర్జికల్ మాస్కు అంత పని చేయవు, ఎందుకంటే గాలి గుడ్డలోంచి కాదు, పక్కనున్న సందుల్లోంచి వెళ్తుంది. పెట్టుకున్నాక ముక్కు మీదున్న లోహపు పట్టీని రెండు చేతుల వేళ్ళతో నొక్కి, రెండు అరచేతులు మాస్కు మీద మెల్లగా ఆనించి గట్టిగా ఊదండి. కళ్ళ మీదకి గాలి కొడితే పైన వదులుగా ఉందన్నమాట, కళ్ళజోడు మీద ఆవిరి పట్టేది కూడా అందుకే. మీ వారికి గడ్డం ఉంటే మాస్కు ఎంత మంచిదైనా అంచుల దగ్గర అతకదు, ఆ వారం గడ్డం తీసేయమనండి.

అలాగని 24 గంటలూ పెట్టుకుని తిరగక్కర్లేదు, అలా చేస్తే రెండో రోజుకే విసుగొచ్చి మొత్తం తీసి పెట్టెలో పడేస్తారు. గాలాడని చోట, జనం ఒత్తుగా ఉన్నచోట, కదలకుండా ఎక్కువసేపు ఉండాల్సిన చోట పెట్టుకోండి. నన్నడిగితే ఓడ కంటే ముందు విమానం, ఎయిర్‌పోర్ట్ బస్సు, ఓడ ఎక్కే టెర్మినల్‌లో లైను, ఇవే ముఖ్యం, అక్కడ అంటుకున్నది మూడో రోజు ఓడలో బయటపడుతుంది, మనమేమో ఓడలో వచ్చింది అనుకుంటాం. ఓడలోకి వెళ్ళాక లిఫ్టులు, షో జరిగే థియేటర్, పోర్టులో ఊరు చూపించడానికి తీసుకెళ్ళే బస్సు, ఒడ్డుకి దూరంగా లంగరేసినప్పుడు జనాన్ని చేరవేసే టెండర్ బోటు. ఆ బోటులో మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చోబెడతారు, సముద్రం కాస్త ఎగిరితే కిటికీలు కూడా మూసేస్తారు. పై డెక్ మీద ఎండలో, గాలిలో నడిచేటప్పుడు మాస్కు అవసరం లేదు, హాయిగా తీసేయండి. తినేటప్పుడు ఎలాగూ పెట్టుకోలేం కాబట్టి అక్కడ టైం మార్చుకోండి, డైనింగ్ హాల్ తెరవగానే వెళ్ళడమో, ఎనిమిది మంది బల్ల కాకుండా ఇద్దరి బల్ల అడగడమో, బయట డెక్ మీద కూర్చునే వీలుంటే అక్కడ తినడమో. అడిగితే ఇస్తారు, మొదటిరోజే అడగండి.

చెక్-ఇన్ దగ్గర, ఓడ దిగి ఎక్కేచోట ఫోటోతో మొహం పోల్చుకోవడానికి మాస్కు తీయమంటారు, అది రెండు సెకన్ల పని, గాభరా పడొద్దు. సముద్రపు గాలికి, చెమటకి మాస్కు తడిస్తే మార్చేయండి. రోజుకి మనిషికి ఒకటి చొప్పున లెక్కేసుకుని, పైన ఇంకో రెండు మూడు పెట్టుకోండి.

ప్రశ్న: వచ్చేవారం స్నేహితులతో క్రూజ్‌కి వెళ్తున్నా. నిన్నటి నుంచి గొంతు గరగర, కొంచెం దగ్గు. ఎక్కేముందు ఆరోగ్యం గురించి ఫారం నింపాలట, అందులో దగ్గు ఉందా అంటే లేదు అని టిక్ పెడితే సరిపోతుంది, ఎవరూ చెక్ చేయరు అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇప్పుడు మానేస్తే డబ్బంతా పోతుంది. నిజం చెప్పాలా?
– పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: చెప్పాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు తమ్ముడూ, కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూజ్ ఓడ గుర్తుందా. 2020 జనవరి 20న యొకొహామా నుంచి బయల్దేరింది. 25న హాంకాంగ్‌లో దిగిపోయిన ఒక ప్రయాణికుడికి తర్వాత కోవిడ్ అని తేలింది. ఓడ ఫిబ్రవరి 3న యొకొహామాకి తిరిగొచ్చేసరికి లోపల ప్రయాణికులు, సిబ్బంది కలిపి 3,711 మంది, వాళ్ళలో 712 మందికి వైరస్ ఉందని చివరికి తేలింది, అందులో దాదాపు సగం మందికి టెస్టు చేసిన రోజుకి ఏ లక్షణమూ లేదు. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు, ఎవర్నీ తప్పు పట్టలేం. అదే ఏడాది మార్చి 19న రూబీ ప్రిన్సెస్ అనే ఇంకో ఓడ సిడ్నీలో ఆగినప్పుడు మాత్రం లోపల జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు ఉన్నారని తెలుసు, వాళ్ళ టెస్టు రిజల్ట్ రాకముందే దాదాపు 2,700 మంది ప్రయాణికుల్ని దించేశారు, ఆ ప్రయాణంతో ముడిపడి 28 మంది చనిపోయారు. ఈరోజు పరిస్థితి అంత భయంకరంగా లేదు, టీకాలొచ్చాయి, చాలామందికి ఒకసారి వచ్చిపోయింది, ఒప్పుకుంటా. కానీ పై ఉత్తరం రాసిన ఆవిడ భర్తలాంటి వాళ్ళు ప్రతి ఓడలోనూ ఉంటారు, మీ బల్ల పక్క బల్లలోనే ఉండొచ్చు.

మీకింకా టైం ఉంది కాబట్టి పనికొచ్చే సంగతి చెప్తాను. ఈరోజే ఇంట్లో చేసుకునే కోవిడ్ టెస్టు చేసుకోండి, నెగటివ్ వస్తే అక్కడితో ఆగకుండా 48 గంటల తర్వాత ఇంకోసారి చేయండి, మొదట్లో వైరస్ తక్కువ ఉన్నప్పుడు ఈ టెస్టులకి దొరకదు. డాక్టర్ని కలవండి, ఫ్లూ అయితే దాని మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. సీడీసీ 2024 మార్చిలో ఇచ్చిన సలహా ప్రకారం జ్వరం మందు వేసుకోకుండానే జ్వరం లేకుండా 24 గంటలు గడిచి, మిగతా లక్షణాలు కూడా తగ్గుముఖం పట్టాక బయట తిరగొచ్చు, ఆ తర్వాత అయిదు రోజులు మాస్కు లాంటి జాగ్రత్తలు తీసుకోవాలి. వారంలో అలా తగ్గిపోతే ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాసి, డాక్టర్ కాగితం చేతిలో పెట్టుకుని, మాస్కుతో ఎక్కండి. దగ్గు ఉందని రాసిన ప్రతివాళ్ళనీ వెనక్కి పంపరు, చాలాసార్లు ఓడ నర్సు వచ్చి నాలుగు ప్రశ్నలడిగి, జ్వరం చూసి, టెస్టు చేసి పంపుతారు. తగ్గకపోతే మాత్రం ఈరోజు నుంచే కంపెనీకి ఫోన్ చేసి వాయిదాకి వీలుందా కనుక్కోండి, ట్రావెల్ ఇన్సూరెన్స్ ముందే తీసుకుని ఉంటే డాక్టర్ సర్టిఫికెట్‌తో క్లెయిమ్ చేసే అవకాశం ఉంటుంది. అదే అబద్ధం రాసి ఎక్కి, లోపల దొరికిపోతే కేబిన్‌లో కూర్చోబెడతారు, డబ్బూ పోతుంది, ట్రిప్పూ పోతుంది, మీతో ఒకే కేబిన్‌లో ఉన్న ఫ్రెండ్ ట్రిప్పు కూడా పోతుంది.

ప్రశ్న: మాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఓడల్లో వాంతులు, మోషన్స్ వచ్చే వైరస్ ఎక్కువట కదా. ప్రతి డోర్ దగ్గరా శానిటైజర్ ఉంటుందన్నారు, అది రాస్తూ ఉంటే చాలా? దీనికి కూడా మాస్కు పనిచేస్తుందా?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మంచి ప్రశ్న అడిగారు, ఎందుకంటే చాలామంది మాస్కుతో అన్నీ ఆగిపోతాయనుకుంటారు. మీరు చెప్పేది నోరోవైరస్. ఇది ముఖ్యంగా చేతుల మీదుగా, తిండి మీదుగా, తలుపు హ్యాండిల్స్ మీదుగా నోట్లోకి వెళ్తుంది. పక్కనే ఎవరైనా వాంతి చేసుకుంటే ఆ తుంపర్ల నుంచి కూడా రావొచ్చు, అంతవరకు మాస్కు కొంత అడ్డం, మిగతాదంతా సబ్బు పని. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆల్కహాల్ శానిటైజర్ ఈ వైరస్ మీద సరిగ్గా పనిచేయదు. ఓడల్లో బఫే గుమ్మం దగ్గర సిబ్బంది నిలబడి ‘వాషీ వాషీ’ అని నవ్వుతూ చేతుల్లో స్ప్రే కొడతారు, పిల్లలకి భలే సరదా, కొట్టించుకోండి, కానీ అది సబ్బు నీళ్ళకి బదులు కాదు. కొత్త ఓడల్లో కొన్నిట్లో బఫే గుమ్మం దగ్గరే చేతులు కడుక్కునే సింకులు పెట్టారు, అవి ఉంటే వాడండి, లేకపోతే కేబిన్‌లోనే కడుక్కుని బయల్దేరండి. 20 సెకన్లు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద. ఆ తర్వాత చిన్నవాడు లిఫ్ట్ బటన్లన్నీ నొక్కి, మెట్ల రెయిలింగ్ మీద చెయ్యి రాసుకుంటూ వస్తే మళ్ళీ మొదటికే వస్తుంది కాబట్టి వడ్డించుకోవడం పెద్దవాళ్ళు చేయండి, ఇద్దరిలో ఒకరు ప్లేట్లు తెస్తే ఇంకొకరు పిల్లల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి చేతులు ఇంకోసారి తుడిపించండి. గరిటెలు వందలమంది పట్టుకుంటారు, అందుకే వడ్డించుకోవడం అయ్యాక, తినేముందు ఇంకోసారి కడుక్కోవడం మేలు.

బఫేలో గరిటెలు మీ చేతికి ఇవ్వకుండా సిబ్బందే పట్టుకుని వడ్డిస్తున్నారు, ఉప్పు, మిరియాల డబ్బాలు బల్లల మీంచి మాయమయ్యాయి, కారిడార్లో రెయిలింగులు రోజంతా తుడుస్తూనే ఉన్నారు అంటే ఓడలో కేసులు పెరిగాయని అర్థం చేసుకోండి, నోరు తెరిచి చెప్పకపోయినా. అప్పుడు ఇంకాస్త జాగ్రత్త పడండి.

అయితే భయం కూడా కొలతలో ఉండాలమ్మా. ఓడల పేరు ఎక్కువ వినపడటానికి ఒక కారణం ఏంటంటే వాళ్ళు లెక్క చెప్పాల్సి ఉంటుంది. అమెరికా పోర్టులకి వచ్చే ఓడల్లో ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మందికి వాంతులు, మోషన్స్ అని నమోదైతే సీడీసీ ఆ ఓడ పేరు అందరికీ తెలిసేలా పెడుతుంది. స్కూళ్ళలో, హాస్టళ్ళలో వచ్చినప్పుడు అలా ఎవరూ పేరు పెట్టి చెప్పరు. నమోదయ్యే నోరోవైరస్ అవుట్‌బ్రేక్‌లన్నిట్లో ఓడలవి 1 శాతం మాత్రమేనని సీడీసీయే చెప్తోంది. అదే సంస్థ చెప్పకుండా ఓడెక్కి శుభ్రత తనిఖీ చేసి 100కి మార్కులేస్తుంది, 85 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఫెయిలైనట్టు. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు, టికెట్ కొనేముందు మీ ఓడ పేరు కొట్టి చూసుకోండి.

పిల్లలకి వచ్చేస్తే? వాంతి చేసుకున్న చోట మీరు టవల్‌తో తుడవకండి, హౌస్‌కీపింగ్‌కి ఫోన్ చేయండి, వాళ్ళ దగ్గర క్లోరిన్ మందు, గ్లోవ్స్ ఉంటాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే తీసుకెళ్ళి స్పూన్ స్పూన్‌గా పట్టండి, గడగడా తాగిస్తే మళ్ళీ కక్కేస్తారు. మోషన్స్ ఆపే మాత్రలు పిల్లలకి మీ అంతట మీరు వేయొద్దు. తగ్గాక కూడా కనీసం రెండు రోజులు స్విమ్మింగ్ పూల్, కిడ్స్ క్లబ్ వద్దు, వైరస్ మోషన్‌లో రెండు వారాలూ, ఇంకా ఎక్కువా పోతూనే ఉంటుంది కాబట్టి చేతులు కడిగే అలవాటు మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆపొద్దు.

ప్రశ్న: మా అక్కా నేనూ ఒకే కేబిన్ తీసుకున్నాం. మధ్యలో ఒకరికి కోవిడో ఫ్లూనో వస్తే రెండోవాళ్ళం ఏం చేయాలి? అంత చిన్న గదిలో తప్పించుకోవడం కుదురుతుందా?
– ఇద్దరు అక్కచెల్లెళ్ళు

జవాబు: పూర్తిగా తప్పించుకోవడం కష్టం, తగ్గించుకోవడం కుదురుతుంది. మొదటి పని, కేబిన్ ఫోన్ తీసి మెడికల్ సెంటర్‌కి కొట్టడం. నడుచుకుంటూ వెళ్ళి అక్కడ లైన్లో కూర్చోవద్దు, ఫోన్‌లో చెప్తే ఎప్పుడు రావాలో, ఎలా రావాలో వాళ్ళే చెప్తారు, ఒక్కోసారి మనిషిని పంపుతారు. ఇద్దరిలో ఒకరికి వేరే గది ఇవ్వగలరా అని వెంటనే అడగండి, ఖాళీ ఉంటే కొన్ని కంపెనీలు ఇస్తాయి, అడగనివాళ్ళకి ఎవరూ ఇవ్వరు. గది దొరక్కపోతే ఇద్దరూ లోపల మాస్కు పెట్టుకోండి, జబ్బుగా ఉన్నవాళ్ళు బాల్కనీ వైపు, తలలు ఒకే వైపు కాకుండా ఎదురెదురు వైపులకి పెట్టి పడుకోండి, బాత్రూమ్ ఫ్యాన్ ఆపే స్విచ్ ఉన్నా ఆపకండి, బాల్కనీ ఉంటే తలుపు తీసి ఉంచండి, కాకపోతే బాల్కనీ తలుపు, కారిడార్ తలుపు రెండూ ఒకేసారి తీయకండి, గాలి ఈడ్చుకుని మీ గదిలో గాలంతా కారిడార్లోకి పోతుంది, తలుపు కూడా చేతి మీద పడేంత గట్టిగా కొట్టుకుంటుంది.

ఇక్కడ డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఓడ డాక్టర్ ఫీజు టికెట్‌లో కలిసి ఉండదు, చూసినందుకు, మందులకి, టెస్టులకి అన్నీ మీ ఓడ ఖాతాలో రాస్తారు, దిగేరోజు కట్టాలి. ఈ భయంతోనే చాలామంది చెప్పకుండా గదిలో రెండు మాత్రలు మింగి పడుకుంటారు, సాయంత్రానికి కాస్త తేలికపడగానే షోకి వెళ్తారు. ఆ ఒక్క సాయంత్రం ఎంతమందికి అంటుతుందో ఆలోచించండి. మెడికల్ ఖర్చు, అవసరమైతే ఓడ నుంచి ఒడ్డున ఆస్పత్రికి తరలించే ఖర్చు రెండూ ఉండే ఇన్సూరెన్స్ తీసుకోకుండా క్రూజ్ ఎక్కొద్దు, మామూలు హెల్త్ పాలసీ సముద్రం మీద చాలాసార్లు పనికిరాదు, పాలసీ కాగితంలో ఆ మాట ఉందో లేదో వేలు పెట్టి చదవండి.

ప్రశ్న: లోపలి గది తీసుకోవాలా, బాల్కనీ గదా? జబ్బుల పరంగా తేడా ఉందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: మీరు గదిలో పడుకునేది మీ ఇంటివాళ్ళతోనే కాబట్టి గది వల్ల వచ్చే తేడా తక్కువ, జబ్బులు ఎక్కువగా అంటుకునేది నలుగురు కలిసే చోట. కానీ జబ్బు పడి మూడు రోజులు లోపల ఉండాల్సొస్తే కిటికీ లేని గది, బాల్కనీ గది రెండూ ఒకటి కావు. ఇంట్లో పెద్దవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఉంటే, స్తోమత ఉంటే బాల్కనీయే తీసుకోమంటాను.

ప్రశ్న: మా అబ్బాయి ఒక క్రూజ్ ఓడలో డైనింగ్ హాల్లో పని చేస్తాడు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పడుకుంటారట, మా వాడికి ఏడాదిలో ఎన్నిసార్లు జలుబు, జ్వరం వస్తాయో లెక్కలేదు. ప్రయాణికులు మొహం మీదే దగ్గుతారు, మేం నవ్వుతూ ఉండాలి అంటాడు. వాడికి ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదివాక కాసేపు పక్కన పెట్టలేకపోయాను. క్రూజ్ జాగ్రత్తల గురించి అందరూ ప్రయాణికుల కోసమే రాస్తారు. ప్రయాణికుడు వారం ఉండి దిగిపోతాడు, మీ అబ్బాయి నెలల తరబడి అక్కడే, వారం వారం కొత్తగా వచ్చే వేలమంది మధ్య. డైమండ్ ప్రిన్సెస్‌లో ప్రయాణికుల్ని గదుల్లో ఉంచి తలుపులు మూశాక కూడా గది గదికీ తిండి మోసింది ఈ సిబ్బందే, సిబ్బందిలో మొదట్లో బయటపడిన కేసుల్లో ఎక్కువమంది తిండి విభాగం వాళ్ళే, వాళ్ళకి విడి గదులు లేవు, జబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే మెస్సులో తిన్నారు.

మీ అబ్బాయికి చెప్పండి, ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, కోవిడ్ టీకా డోసు ఎప్పుడు పడాలో ఓడ డాక్టర్నే అడగాలి, పనిలో మాస్కు పెట్టుకుంటానంటే ఇప్పుడు చాలాచోట్ల అడ్డు చెప్పరు, సూపర్‌వైజర్‌ని ఒకసారి అడిగి పెట్టుకోమనండి. మోషన్స్, వాంతులు వస్తే దాచి డ్యూటీకి వెళ్ళకూడదు, తిండి ముట్టుకునే పనివాళ్ళని లక్షణాలు పూర్తిగా ఆగాక కూడా 48 గంటలు పనిలోకి రానివ్వకూడదని సీడీసీ ఓడల శుభ్రత రూల్స్‌లో ఉంది, అది వాడి హక్కు కూడా. మంచానికి తెర ఉంటే వేసుకుని పడుకోమనండి, పక్క మంచం అబ్బాయికి దగ్గు ఉన్న రోజుల్లో మాస్కుతోనే నిద్రపోవడం ఇబ్బందే గానీ ఒకటి రెండు రాత్రులు ఓర్చుకోవచ్చు.

ఈ కాలమ్ చదివే ప్రయాణికులకి కూడా ఒక మాట. దగ్గు వస్తుంటే డైనింగ్ హాల్‌కి వెళ్ళకుండా రూం సర్వీస్ చెప్పుకోండి, ట్రే తలుపు బయట పెట్టమనండి. గది శుభ్రం చేసే మనిషి వస్తే మీరు మాస్కు పెట్టుకుని ఆ కాసేపు బాల్కనీలోకి వెళ్ళండి. జ్వరం ఉందని ముందే చెప్తే వాళ్ళు సరైన గ్లోవ్స్, మందులతో వస్తారు, చెప్పకపోతే మామూలు చేతుల్తో మీ దిండు గలీబు తీస్తారు.

ప్రశ్న: బయల్దేరేముందు ఏ టీకాలు, పెట్టెలో ఏ మందులు?
– చాలామంది అడిగారు

జవాబు: టీకాలు ఓడెక్కే రోజుకి కనీసం రెండు వారాల ముందు అయిపోవాలి, ఎందుకంటే శరీరం తయారవడానికి దాదాపు అంత టైం పడుతుంది. ఫ్లూ, కోవిడ్ రెండూ మీ డాక్టర్ని అడిగి చూసుకోండి. వేసవిలో వెళ్తున్నాం కదా ఫ్లూ ఎక్కడుంటుంది అనుకోవద్దు, భూమధ్యరేఖకి ఒక పక్క వేసవి ఉన్నప్పుడు ఇంకో పక్క ఫ్లూ సీజన్ నడుస్తుంటుంది, ఓడలో రెండు పక్కలవాళ్ళూ కలుస్తారు. 60 దాటినవాళ్ళు న్యుమోనియా టీకా, ఊపిరితిత్తులకి వచ్చే ఆర్ఎస్‌వీ అనే వైరస్ టీకా గురించి కూడా అడగండి. తట్టు టీకా రెండు డోసులు పడ్డాయో లేదో తెలియనివాళ్ళు, ముఖ్యంగా పిల్లల విషయంలో, కార్డు తీసి చూడండి.

పెట్టెలో రోజూ వేసుకునే మందులు ట్రిప్పుకంటే వారం ఎక్కువ రోజులకి సరిపడా, అవి చేతిసంచీలోనే, పెద్ద పెట్టెలో వద్దు, ఎందుకంటే ఓడెక్కేటప్పుడు పెద్ద పెట్టెలు తీసుకుని సాయంత్రానికి గాని గదికి పంపరు. థర్మామీటర్, వేలికి పెట్టే ఆక్సిమీటర్, పారాసిటమాల్, ఓఆర్ఎస్, కోవిడ్ టెస్టులు నాలుగైదు, ఎన్95లు, చిన్న సబ్బు. ఓడ కదిలితే తల తిరిగేవాళ్ళకి దాని మాత్రలు, అవి నిద్ర మత్తు తెస్తాయని గుర్తుపెట్టుకోండి, ప్రోస్టేట్ సమస్య, గ్లకోమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. మోషన్స్ ఆపే మాత్ర పెద్దవాళ్ళు ఒకటి రెండు వాడొచ్చు గానీ జ్వరం, రక్తం ఉంటే అస్సలొద్దు. అవి వేసుకుని మెడికల్ సెంటర్‌కి చెప్పకుండా ఊరుకోవడం కూడా తప్పే, వాళ్ళకి లెక్క తెలిస్తేనే బఫే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. 65 దాటినవాళ్ళు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఇంకో పని చేయండి, కోవిడ్ వస్తే వేసుకునే పాక్స్‌లోవిడ్ అనే మందు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి, అది కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, రక్తం పలచబడే కొన్ని మందులతో పడదు, కాబట్టి నేను వేసుకునే మందులివీ, అలా వస్తే ఏది ఆపాలి అని మీ డాక్టర్ చేత ముందే ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి. ఓడ డాక్టర్‌కి మీ చరిత్ర తెలియదు, ఆ కాగితమే చూపించాలి.

ప్రశ్న: క్రూజ్ నుంచి వచ్చి అయిదు రోజులైంది. అక్కడ అంతా బాగానే ఉన్నాం, మాస్కులు కూడా పెట్టుకున్నాం. ఇప్పుడు నాన్నకి జ్వరం, పొడిదగ్గు, ఆయాసం. కోవిడ్ టెస్టు నెగటివ్. వాతావరణం మారింది కదా అని ఊరుకున్నాం. ఊరుకోవచ్చా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: ఊరుకోవద్దమ్మా, ఆయాసం అన్నారు కాబట్టి ఇది చదివిన వెంటనే తీసుకెళ్ళండి. ఆస్పత్రిలో మొదటి మాటగా పది రోజుల్లోపు క్రూజ్‌లో ఉన్నాం అని చెప్పండి, ఆయన హాట్ టబ్‌లో, అంటే వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్నారా అన్నది కూడా. లెజియొనెల్లా అని ఒక బాక్టీరియా ఉంది, గోరువెచ్చటి నీళ్ళలో పెరిగి హాట్ టబ్బు, షవర్ తుంపర్లలో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, లక్షణాలు 2 నుంచి 14 రోజుల్లో ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. మనిషి నుంచి మనిషికి మామూలుగా అంటదు, మీరు పెట్టుకున్న మాస్కుకీ దీనికీ సంబంధం లేదు, హాట్ టబ్‌లో ఎవరూ మాస్కు పెట్టుకోరు కదా. 2022 నవంబర్ నుంచి 2024 జూన్ మధ్య రెండు ఓడల్లో కలిపి 12 మందికి వచ్చిందని సీడీసీ చెప్పింది, కొన్ని గదుల బాల్కనీల్లో ఉండే ప్రైవేట్ హాట్ టబ్బుల మీద అనుమానం బలంగా వచ్చింది.

దీనికి మూత్ర పరీక్ష ఉంది, కఫం పరీక్ష కూడా పంపుతారు, కానీ మీరు ఓడ మాట చెప్పకపోతే ఆ పరీక్ష రాయాలని డాక్టర్‌కి తట్టకపోవచ్చు. మామూలుగా న్యుమోనియాకి ముందుగా ఇచ్చే కొన్ని యాంటీబయాటిక్స్ దీనికి పనిచేయవు, వేరే రకం ఇవ్వాలి, 50 దాటినవాళ్ళలో, పొగతాగే అలవాటున్నవాళ్ళలో ఆలస్యమైతే ప్రమాదం. అది కాక మామూలు ఫ్లూ అయినా ఆయన వయసుకి ఆక్సిజన్ చూడాల్సిందే. రిజల్ట్ లెజియొనెల్లా అని వస్తే ఆస్పత్రివాళ్ళ ద్వారా ఆరోగ్య శాఖకీ, మీ అంతట మీరు క్రూజ్ కంపెనీకీ ఓడ పేరు, తేదీలు, గది నంబరు రాసి పంపండి, ఇప్పుడు అదే గదిలో వేరేవాళ్ళు ఉంటారు.